వరండా డాక్టరమ్మ

ఒకరు పడుకుని లేచాక పరీక్ష బల్ల మీది కాగితం చుట్టి బుట్టలో పడేయడం, ఇంకొకరి కోసం కొత్తది పరవడం, కడుపు మీది జెల్ తుడుచుకోవడానికి రుమాలు అందించడం, ఫైళ్లు వరుసలో పెట్టడం నర్సు చేరిన రోజు ఆమెకు అప్పజెప్పిన పనులు. పదకొండేళ్లలో ఇంకో పని కూడా వచ్చి చేరింది. దాన్ని ఎవరూ అప్పజెప్పలేదు, ఎక్కడా రాసిలేదు. డాక్టరుగారు గదిలో చెప్పింది తలకెక్కనివాళ్లు బయటికొచ్చి, మంచినీళ్ల ఫిల్టరు పక్కన ఆమెను ఆపి, ఇంతకీ ఆయన ఏమన్నారని అడిగేవారు. అడిగేది ఎప్పుడూ ఆడవాళ్లే. మగవాళ్లు అప్పటికే మందుల షాపు దగ్గరో బండి దగ్గరో ఉండేవారు. చంకలో ఫైళ్లు పెట్టుకుని, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ ఆమె విడమరిచి చెప్పేది. స్కానింగ్ గదివాళ్లు ఆమెకు 'వరండా డాక్టరమ్మ' అని పేరు పెట్టారు. నవ్వుతూనే పిలిచేవారు, ఆమె కూడా నవ్వుతూనే పలికేది, ఆ పేరులో సగం మెప్పూ సగం ఎకసెక్కమూ ఉన్నాయని తెలిసి కూడా. ఆలస్యంగా ఇల్లు చేరితే అత్తగారు, "ఊళ్లోవాళ్లందరికీ పూసగుచ్చినట్టు చెప్తావు, ఇక్కడ కూర ఏం చేయాలో అడిగితే నోరు పెగలదు" అనేది. అదీ నిజమే. ఇంటికొచ్చేసరికి ఆమెకు మాటలు మిగిలేవి కావు.

డాక్టరుగారు చెడ్డవాడేం కాదు. మంచి హస్తవాసి అని పేరు. కాకపోతే గంటకు పన్నెండు మందిని చూడాలి. చదివేటప్పుడు రిపోర్టు కేసి, చెప్పేటప్పుడు మొగుడి కేసి చూసేవాడు.

ఆ మంగళవారం ఒక టైలరు, ఆమె భర్త వచ్చారు. టైలరంటే ఆవిడే, భర్త స్కూలు బస్సు నడుపుతాడు. ఆవిడకు మూడో నెల నిండింది. రక్తపరీక్ష, స్కాను కలిపి లెక్కగట్టిన రిపోర్టు బల్ల మీద ఉంది. డాక్టరుగారు భర్తతో, "డౌన్ సిండ్రోమ్‌కి హై రిస్క్ వచ్చిందండీ. నూట ఎనభైకి ఒకటి. ఇంకో పరీక్షకు వెళ్లాలో వద్దో ఆలోచించుకుని చెప్పండి" అన్నాడు. భర్త రిపోర్టును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు.

"తనకి ఇప్పుడు వివరాలొద్దులెండి, కంగారుపడుతుంది. నేను చూసుకుంటాను" అన్నాడు, ఎంతో ప్రేమగా.

ఆ ప్రేమ ఎలాంటిదో నర్సుకు తెలుసు. పదమూడేళ్ల కిందట, కూతురు కడుపులో ఉన్నప్పుడు, వేరే ఆస్పత్రిలో ఇలాంటి రిపోర్టునే ఆమె భర్త చేతిలో పెట్టారు. అప్పటికే నర్సు చదువు పాసైన మనిషి, అయినా మూడు వారాలపాటు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ మూడు వారాలు ఆమె బతుకులో ఎన్నడూ లేనంత హాయిగా గడిచాయి. అత్తగారు గ్లాసు కూడా కడగనివ్వలేదు. మామగారు ఫ్యాను తన వైపు తిప్పుకోవడం మానేశాడు. ఆడపడుచు పనిగట్టుకుని ఫోన్ చేసి, వదినా, ఏం తినాలనుంది అని అడిగింది. కడుపుతో ఉంటే ఇంత మర్యాదా అని ఆమె పొంగిపోయి, తల్లికి ఫోన్‌లో గొప్పలు కూడా చెప్పుకుంది. ఒకరోజు బట్టలు మడతపెడుతుంటే, పక్కింటావిడతో అత్తగారు, "ఎలా పుడుతుందో ఏమో, పాపం దానికింకా తెలీదు" అనడం చెవిన పడింది. ఆ తర్వాత ఇంకో పరీక్ష చేశారు, ఏమీ లేదని తేలింది. ఆ పిల్ల ఇప్పుడు ఇల్లెగిరిపోయేలా పాటలు పాడుతుంది. అప్పటి భయాన్ని ఆమె ఎప్పుడో మరిచిపోయింది. మరిచిపోలేనిది ఆ మూడు వారాల సంతోషమే. తన ఒంట్లోని బిడ్డ గురించి ఇల్లంతా గుసగుసలాడుకుంటుంటే తాను ఫ్యాను కింద మహారాణిలా కూచుందని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి. నీ మంచికే కదా చెప్పలేదు అన్నాడు భర్త. ఆమె మడతపెట్టిన బట్టలు తీసుకెళ్లి బీరువాలో పెట్టింది.

టైలరు లేచి నుంచుంది. మామూలుగా అయితే నర్సు తలుపు తీసి, వరండాలో వాళ్ల కోసం కాచుకునేది. ఈవిడ ఆగదు, భర్త నేరుగా ఇంటికి నడిపించుకుపోతాడు. ఆమె తలుపు మీద నుంచి చెయ్యి తీసేసింది.

"ఆ కాగితం ఆవిడదండీ. ఒకసారి ఆవిడ చేతికివ్వండి."

డాక్టరుగారు తలెత్తి తర్వాతి ఫైలు తెమ్మన్నాడు. రెండే నిమిషాలని చెప్పి, ఆమె కుర్చీ లాక్కుని టైలరుకు ఎదురుగా కూచుంది. పదకొండేళ్లలో ఆ గదిలో ఆమె కూచోవడం అదే మొదలు.

"మీలాంటి రిపోర్టు వచ్చినవాళ్లను నూట ఎనభై మందిని ఒకచోట కూచోబెట్టామనుకోండి" అంది. "వాళ్లలో ఒకరి బిడ్డకు ఈ డౌన్ సిండ్రోమ్, అంటే ఎదుగుదలా బుద్ధీ నెమ్మదిగా ఉండే పుట్టు లక్షణం, ఉండొచ్చు. మిగతా నూట డెబ్బై తొమ్మిది మందికీ ఉండదు. ఆ ఒక్కరు ఎవరో ఈ పరీక్షకు తెలీదు."

భర్త జేబులోంచి తీసిచ్చిన కాగితం మడతలు టైలరు విప్పి, బట్ట కొలిచినట్టు అంగుళం అంగుళం చూసింది. "నూట ఎనభై చొక్కాలకు ఒకటి నా చేతిలోనూ తేడా వస్తుంది సిస్టర్. అది కుట్టించుకున్నవాడికి మాత్రం చొక్కా అదొక్కటే కదా."

"అవును. అందుకే భయమేస్తుంది. భయపడటం తప్పేం కాదు."

తర్వాత ఏమేం చేయవచ్చో చెప్పింది. తల్లి రక్తంతోనే ఇంకాస్త స్పష్టంగా చెప్పే పరీక్ష ఒకటుంది. కచ్చితంగా తేలాలంటే సూదితో ఉమ్మనీరు తీయాలి, దానివల్ల గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉంటుంది. ఏదీ వద్దనుకుని ఊరుకోనూ వచ్చు. ఏమీ చేయించుకోకపోతే తిడతారా అని టైలరు అడిగింది. తిట్టే హక్కు ఎవరికీ లేదంది నర్సు. అప్పటిదాకా నిలబడే ఉన్న భర్త మెల్లిగా కూచుని, ఆ ఒక్కరూ మేమే అయితే ఎలా అని అడిగాడు. అతను జేబులో దాచింది భార్య భయాన్ని కాదు, తన భయాన్నే అని నర్సుకు అర్థమైంది. అలాంటి పిల్లల్ని పెంచుతున్న తల్లులు ఈ ఆస్పత్రికే వస్తారని, కావాలంటే వాళ్లను అడిగి మాట్లాడిస్తానని అతనికీ నిదానంగానే చెప్పింది.

రెండు నిమిషాలు కాస్తా పదిహేనయ్యాయి. లేచి వెళ్లడానికి వీల్లేక డాక్టరుగారు పెన్ను మూత తీస్తూ పెడుతూ అంతా విన్నాడు. వాళ్లు వెళ్లాక పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"నన్నెవరూ ఏమీ అడగరు. అర్థమయ్యే వెళ్తున్నారనుకున్నాను" అన్నాడు చివరికి. తర్వాత ఉదారంగా, రేపటినుంచి ఇలాంటివాళ్లందరికీ బయట ఆమెనే చెప్పమన్నాడు.

పదకొండేళ్లుగా చేస్తున్న పనిని ఆయన కొత్తగా బహుమతిగా ఇస్తుంటే ఆమెకు నవ్వొచ్చింది. కోపం మాత్రం రాలేదు. ఏం కావాలో స్పష్టంగా తెలిసినప్పుడు కోపంతో పనిలేదనిపించింది.

"బయట కాదు డాక్టరుగారూ. తలుపున్న గది కావాలి. డ్యూటీ చార్టులో దానికో గంట రాయాలి. ఆ గంటలో ఫైళ్లు ఇంకెవరైనా చూసుకోవాలి."

ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతూ భర్తకు చెప్పింది. ఇంకో పని నెత్తినేసుకున్నావా అన్నాడతను. పని పాతదే, ఇప్పుడు కూచుని చేస్తానంది. చేతిలోని దుప్పటి రెండో అంచు అతనికి అందిస్తూ, "నా మంచేదో అప్పుడు నన్నడగాల్సింది" అంది. ఎప్పటి సంగతో అతను అడగలేదు. దుప్పటి మడత పూర్తయ్యాక, "అడగాల్సింది" అన్నాడు. అత్తగారు టీవీ శబ్దం తగ్గించి మళ్లీ పెంచింది. చాలాకాలం తర్వాత ఆమెకు ఆ ఇంట్లో ఒళ్లు తేలికైనట్టు అనిపించింది.

గది దొరకడానికి రెండు నెలలు, మూడు అర్జీలు పట్టాయి. ఇదివరకు దుప్పట్లు దాచే గది, చిన్నదే, కిటికీ ఉంది. మొదటిరోజు ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. వెనకాలే భర్త, అత్తగారు, ఆవిడ వెనక పెద్దాడపడుచు. నలుగురూ గుమ్మంలో ఇరుక్కున్నారు. లోపల ఎవరెవరుండాలో నువ్వే చెప్పమ్మా అంది నర్సు. అలాంటి మాట ఎవరూ అడిగి ఎరగనట్టు ఆ అమ్మాయి ఒక్కొక్కరి మొహమూ చూసింది. అత్తగారు అప్పటికే ఒక కాలు లోపల పెట్టింది. అమ్మాయి నెమ్మదిగా వచ్చి కుర్చీలో కూచుంది.

"మీరందరూ కాసేపు బయటుండండి అత్తయ్యా" అంది. "విన్నాక నేనే చెప్తాను."