గోడవైపు తిరిగిన ఎర్రటోపీ

ఈ సంగతి నాకు చెప్పినది వాల్‌బుర్గా రాయ్‌షెల్ గారు. జాలె నది ఒడ్డున ఉన్న మా ఊరి ఆదివారపు పాతసామాన్ల సంతలో, ఆమె చేసిన ఆలుబుఖారా కేకు తింటూ విన్నాను. తరువాత ఆమె భర్త గెర్నోట్‌ను విడిగా అడిగాను. ఇద్దరి మాటలకూ ఎక్కడా పొంతన తప్పలేదు.

గెర్నోట్ రెండో ప్రపంచ యుద్ధం చివరినాటి రైల్వే టోపీలు సేకరించేవాడు. అప్పటికి తోలు కరువై, నుదుటి మీది అంచును అట్టతో చేసి నల్లరంగు పూసేవారు. వానలో అప్పడంలా వాలిపోయేది. సంతకు తెచ్చినప్పుడు, చట్టం ఒప్పదు కనుక, ముందున్న ఆనాటి ప్రభుత్వపు స్వస్తిక గుర్తులపై పట్టీ అంటించేవాడు. ఇంట్లో అవన్నీ స్టేషన్‌కు ఎదురుగా ఉన్న కిటికీ పక్క అరల్లో ఉండేవి. రైలు వెళ్లినప్పుడల్లా అన్నీ కలిసి దానివైపు తిరిగేవి. వాల్‌బుర్గా ఆ సమయం చూసుకునే దుమ్ము దులిపేది. వెనకభాగాలు అప్పుడే చేతికందేవి.

ఒక్క ఎర్రటోపీ మాత్రం ఎప్పుడూ గోడనే చూసేది. ఆ రోజుల్లో ఎర్రటోపీ అధికారి ప్లాట్‌ఫారం మీద నిలబడి పచ్చబిళ్ల కర్ర ఎత్తితే తప్ప ఏ రైలూ కదిలేది కాదు. లోపలి పట్టీ మీద సిరాతో పేరుంది: ఓస్విన్ క్లోస్.

ఊరందరికీ తెలిసిన పేరు. యుద్ధం చివరి చలికాలంలో, మనుషులను కుక్కి తాళాలు వేసిన పెట్టెలతో నిర్బంధ శిబిరాలకు పోయే ఒక రైలు ఇక్కడ ఆగిందనీ, దాన్ని పంపడం ఇష్టంలేక క్లోస్ జ్వరమని ఇంట్లో పడుకున్నాడనీ చెప్పుకునేవారు. స్టేషన్ కూడలికి ఆయన పేరు పెట్టాలనుకున్నారు. శనివారం సభలో ఆయన కూతురు హెడ్డా మాట్లాడాలి. ఆ టోపీని అరువడగడానికి ఆమె గెర్నోట్ ఇంటికి వచ్చింది.

"తీసుకెళ్లండమ్మా. కానీ జనానికి వీపే చూపిస్తుంది. మా ఆవిడే నయం, ఒక పూటకి మించి అలగదు," అన్నాడు గెర్నోట్.

"రోజూ నీ ముఖం చూడమంటే టోపీ అయినా గోడకే తిరుగుతుంది," అంది వాల్‌బుర్గా.

హెడ్డా నవ్వలేదు. టోపీని బల్లమీద పెట్టి తనవైపు తిప్పుకుంది. అది మెల్లగా గోడవైపు తిరిగిపోయింది. మళ్లీ తిప్పింది. మళ్లీ అంతే.

"నాన్నా, ఆ రోజు నీకు జ్వరం కదా," అంది.

టోపీ కదలలేదు.

"జ్వరం లేదు," అంది చివరికి. "అమ్మ డబ్బాలో సూపు పోసిస్తే నేనే స్టేషన్‌కు పట్టుకెళ్లాను. నాకప్పుడు ఏడేళ్లు. పెట్టెల సందుల్లోంచి వేళ్లు బయటికొచ్చి ఉన్నాయి. నీళ్లు, నీళ్లు అంటున్నారు. నాన్న సూపు తాగి, మూతి తుడుచుకుని, కర్ర ఎత్తాడు. జ్వరం మాట తర్వాత అమ్మ అల్లింది. నేనూ అదే చెప్పుకొచ్చాను."

అప్పుడు ఎర్రటోపీ తిరిగింది. చాలా నెమ్మదిగా, బరువైనదేదో మోస్తున్నట్టు తిరిగి, ఆమెకు ఎదురుగా నిలిచింది. పొడి గదిలో దాని అట్ట అంచు తడిసి వాలింది. ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారో తమకే తెలియదని భార్యాభర్తలిద్దరూ నాతో అన్నారు.

శనివారం హెడ్డా వేదిక మీద ఈ మాటలే చెప్పింది. చప్పట్లు కొట్టడానికి వచ్చినవారు తమ టోపీలు తీసి చేతుల్లో పట్టుకున్నారు.

కూడలికి పాత పేరే ఉండిపోయింది. కొందరు ఇరుగుపొరుగువారు హెడ్డాను పలకరించడం మానేశారు. ఆమె బతికినన్నాళ్లూ ఉదయాన్నే ఒక డబ్బా నీళ్లు తెచ్చి ప్లాట్‌ఫారం చివర పెట్టి వెళ్లేది. ఆమె పోయాక ఆ పని వాల్‌బుర్గా చేస్తోంది. గెర్నోట్ ఆ తరువాత ఒక్క టోపీ కూడా కొనలేదు, అమ్మలేదు.

తాళాలు వేసిన సరుకు పెట్టెలతో రైలు వచ్చినప్పుడు ఇప్పుడు అరల్లోని టోపీలన్నీ గోడవైపు తిరుగుతాయి. ఎర్రటోపీ ఒక్కటే, చివరి పెట్టె దాటేదాకా, దాన్ని చూస్తూ ఉంటుంది.