నలుగురు గృహిణులు

“నీకెలాగూ మధ్యాహ్నాలు ఖాళీయే కదా,” అంటూ మా ఆయన అచ్చు కాగితాల కట్ట తెచ్చి భోజనాల బల్ల మీద, నేను ఒలుస్తున్న బఠాణీల పక్కన పెట్టాడు. నాలుగు వందల పన్నెండు పేజీలు. పదిహేను రోజుల్లో పదసూచిక కావాలి. చేస్తావా అని అడగలేదు, పెట్టేసి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. నేను బఠాణీలు పక్కకు జరిపి, కట్టకు తడి తగలకుండా కింద పాత పేపరు పరిచాను. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఇది పన్నెండో పుస్తకం. ఆయన అర్థశాస్త్రం ప్రొఫెసరు. ఆయన పుస్తకాలకే కాదు, మతాల శాఖ పెద్దాయన పుస్తకాలకూ సమాజశాస్త్రం మేడమ్ పుస్తకాలకూ కూడా నేనే చేశాను. ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు నన్ను అరువిచ్చేది మా ఆయనే.

పదసూచిక అంటే పుస్తకం చివర అక్షరక్రమంలో ఉండే పట్టిక. ఏ మాట ఏ పేజీలో ఉందో చెబుతుంది. దాన్ని ఎవరూ చదవరు, అవసరమైనప్పుడు వెతుక్కుంటారు. కానీ అది చేసే మనిషి మాత్రం పుస్తకాన్ని మూడుసార్లు చదవాలి. ఒకాయన ఇంటిపని అంటాడు, ఇంకొకాయన గృహ నిర్వహణ అంటాడు, మూడో ఆవిడ సంరక్షణ అంటుంది. మూడూ ఒకటేనని పట్టుకుని, పేజీ నంబర్లన్నీ ఒకచోట చేర్చి, మిగతా రెండు చోట్లా ‘ఇంటిపని చూడండి’ అని రాయాలి. మనుషుల విషయంలోనూ అంతే. ఒకే మనిషి ఒక పేజీలో బిరుదుతో, ఇంకో పేజీలో ఇంటిపేరుతో వస్తే ఆ ఇద్దరినీ కలపడమే అసలు పని. ఒక్కో మాటకు ఒక్కో కార్డు రాసి చెప్పుల డబ్బాలో వరసగా పెట్టుకుంటాను. మతం, సమాజం, భాష, ఆర్థికం, నాకు వచ్చినవన్నీ ఆ డబ్బాలోంచి వచ్చినవే. ఒకసారి ఆయన స్నేహితులంతా మా ముందు గదిలో కూర్చుని ఏదో లెక్క ఏ పుస్తకంలో ఉందో గుర్తురాక తన్నుకుంటుంటే, టీ కప్పులు పెడుతూ నేను పేజీ నంబరుతో సహా చెప్పాను. “మా ఇంట్లో గ్రంథాలయం ఉందండీ, టీ కూడా ఇస్తుంది,” అన్నాడు మా ఆయన. అందరూ హాయిగా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎవరు ఎంత తన్నుకున్నా నోరు విప్పలేదు.

ఈ పుస్తకం మాత్రం నేను కొంచెం ఆశతోనే మొదలుపెట్టాను. ప్రెస్సులో పుస్తకాల పని చూసే ఆవిడ అంతకు వారం ముందు ఫోన్ చేసింది. “మా దగ్గర పదసూచికలు చేసేవాళ్ళ ఉద్యోగం ఖాళీగా ఉందండీ. మీ పని నాకు తెలుసు. కానీ పైవాళ్ళకు చూపించడానికి మీ పేరుతో ఒక్క పుస్తకమైనా ఉండాలి. ఈ పుస్తకంలో వేయించుకోండి, చాలు.” నాకు నలభై ఏడేళ్ళు. ఇలాంటి ఫోన్ మళ్ళీ వస్తుందని అనుకోను. కట్ట తెచ్చిన సాయంత్రమే మా ఆయన్ని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ విన్నాడు. “ఇంటి మనిషి పేరు వేస్తే నలుగురూ ఏమనుకుంటారు చెప్పు? ముందుమాటలో రాస్తాను కదా, నా శ్రీమతి ఓపికకు కృతజ్ఞతలు అని. ప్రతిసారీ రాస్తూనే ఉన్నాను.” నిజమే, రాస్తూనే ఉన్నాడు. ఓపికకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరని చెబుదామనుకున్నాను. అంతలో అత్తగారు మందుబిళ్ళ కోసం పిలిచారు.

పుస్తకం పేరు ‘నలుగురు గృహిణులు’. నాలుగు శాఖలవాళ్ళు తలా ఒక స్త్రీని ఎంచుకుని, ఆమె జీవితాన్ని దగ్గరగా చూసి తలా ఒక పెద్ద వ్యాసం రాశారు. అసలు పేర్లు రాయకపోవడం పరిశోధనలో మర్యాద కాబట్టి వాళ్ళకు శ్రీమతి క, శ్రీమతి ఖ, శ్రీమతి గ, శ్రీమతి ఘ అని పేర్లు పెట్టారు. సంపాదకుడు మా ఆయన. ముందుమాటలో ఎంతో పొంగిపోయి రాశాడు: ‘నాలుగు శాఖలు, నాలుగు దారులు, ఒకరితో ఒకరికి సంబంధం లేని నలుగురు స్త్రీలు. అయినా నాలుగు అధ్యయనాలూ ఒకే మాట చెప్పడం విశేషం: నేటి గృహిణి తృప్తిగా ఉంది.’ నేను ‘తృప్తి’ అని ఒక కార్డు రాసి పేజీ నంబరు వేశాను.

మొదటి వ్యాసం మతాల శాఖ పెద్దాయనది. శ్రీమతి క, వయసు యాభై రెండు, రోజూ తెల్లవారుజామున పొయ్యి వెలిగించే ముందు ఒక నిమిషం కళ్ళు మూసుకుంటుందట. దానికి ఆయన ‘గుడి అక్కరలేని ధ్యానం’ అని పేరు పెట్టి పదకొండు పేజీలు రాశాడు. నేనూ అలాగే మూసుకుంటాను. ఆయన ఒకసారి మా ఇంటికొచ్చినప్పుడు అడిగితే ఆ మాట చెప్పాను కూడా. ఆ నిమిషంలో ఏమనుకుంటావమ్మా అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే, ‘మళ్ళీ మొదలైంది’ అనుకుంటానని చెప్పేదాన్ని. సరేలే, ఎంతమందిని అడిగి ఉంటాడో, నాలాంటిది ఇంకొకావిడ ఉంది కాబోలు అనుకుని చదువుతూ పోయాను.

రెండోది సమాజశాస్త్రం మేడమ్‌ది. శ్రీమతి ఖ, వయసు నలభై అయిదు. ఇంట్లో నిర్ణయాలన్నీ ఆమెవేనట. ఆ ప్రశ్న నన్ను అడిగిన రోజు గుర్తుంది. సోఫాలో మేడమ్, ఎదురుగా నేను, మధ్యలో కుర్చీలో అత్తగారు. “ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందండీ?” అని మేడమ్ నన్నే అడిగింది. “అంతా మా కోడలిదే, మాదేముంది?” అన్నారు అత్తగారు. మేడమ్ రాసుకుంది. ఆవిడ గడియారం చూసుకోవడం నేను గమనించాను. ఇంటికెళ్ళి వంట చేసుకోవాలి పాపం, అందుకే ఇంకో ప్రశ్నకు పోలేదు. ఆవిడ మీద నాకు పెద్దగా కోపం రాలేదు. కానీ పెన్సిలు పక్కన పెట్టి, కిటికీ దగ్గరికెళ్ళి కాసేపు నిలబడ్డాను.

మూడో వ్యాసంతో అనుమానం తీరిపోయింది. భాషాశాస్త్రం కుర్రాయన శ్రీమతి గ మాటలు రికార్డు చేసి, ఆమె ప్రతి జవాబుకూ ముందు సగటున నాలుగు సెకన్ల మౌనం ఉందని కొలిచాడు. స్త్రీల మాటతీరులో సహజమైన జంకు అని తేల్చాడు. వ్యాసం చివర ఆ సంభాషణంతా అచ్చేశాడు. రెండు వందల ఇరవై ఏడో పేజీలో శ్రీమతి గ అంటుంది: ‘ఉండండి, పాలు పొంగుతున్నట్టున్నాయి.’ అది నా మాట. నాకు జంకూ లేదు, గింకూ లేదు. ఒక చెవి ఆయన ప్రశ్న మీద, ఒక చెవి పొయ్యి మీద పెట్టి కూర్చున్నాను, అంతే. ఏనుగును తడిమిన గుడ్డివాళ్ళకు కనీసం ఏనుగు ఒక్కటేనని తెలుసు. వీళ్ళకు అదీ తెలియదు. సంపాదకుడి భార్యను పట్టుకున్నామని చెప్పుకోవడానికి నామోషీ వేసి, ఎవరికి వాళ్ళు వయసు మార్చి గప్‌చుప్‌గా రాసేసుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు.

నాలుగోది మా ఆయనది. చదవకుండానే తెలిసిపోయింది, అయినా చదివాను. శ్రీమతి ఘ, వయసు నలభై మూడు. నన్ను దాచడానికి అలా రాశాడో, నిజంగానే అంతే అనుకుంటున్నాడో తెలియదు. యంత్రాలు వచ్చాక గృహిణికి ఎంత తీరిక మిగిలిందో చూపించే వ్యాసం అది. నా రోజంతా ఒక పట్టికగా ఉంది. వంట, బట్టలు, అత్తగారి మందులు, అన్నిటికీ గంటలు వేశాడు. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా ఉన్న గడిలో ఇలా రాశాడు: ‘విరామం. ఇష్టమైన పుస్తకాలు చదువుకుంటుంది.’ ఎప్పుడో పొద్దున్న కాఫీ తాగుతూ, “మధ్యాహ్నాలు ఏం చేస్తుంటావు?” అని అడిగాడు. “మీ కాగితాలు చూస్తుంటాను,” అన్నాను. ఆ మాటను ఆయన అలా కొలిచాడు. పదకొండు పుస్తకాల పదసూచికలు, ఇప్పుడు చేస్తున్న ఈ పదసూచిక కూడా, ఆ గడిలో విరామమై కూర్చున్నాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పరిశోధనకు మాత్రం భేషుగ్గా పనికొస్తుందన్నమాట. నాకు కోపం రావాలి. కోపానికీ కొంత ఓపిక కావాలి, అది నా దగ్గర మిగల్లేదు. ఏడుపు మాత్రం వచ్చింది, ముక్కు తుడుచుకుని ఒక కొత్త కార్డు తీసి దాని మీద నా పేరు రాశాను.

మర్నాడు పొద్దున్న మా ఆయన టిఫిన్ తింటూ కార్డులు తిరగేశాడు. ఎప్పుడూ చూడడు, గడువు దగ్గర పడిందని చూశాడు. “ఇదేంటి, నీ పేరేంటి ఇందులో?” అని నవ్వబోయి, కార్డు మీద ఉన్న పేజీలు ఒక్కొక్కటే తీశాడు. నాలుగో పేజీకి వచ్చేసరికి దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయన పరిస్థితి.

“వాళ్ళూ నీ దగ్గరికే వచ్చారా? నాతో ఒక్కళ్ళూ చెప్పలేదే.”

“మీరూ వాళ్ళకు చెప్పలేదు కదండీ.”

“ఏమైందిరా?” అన్నారు అత్తగారు అవతలి గదిలోంచి.

“ఏం లేదమ్మా,” అని గొంతు తగ్గించాడు. “ఇది బయటికొస్తే నలుగురి పరువూ పోతుంది.”

“బయట ఇంతమంది ఆడవాళ్ళుండగా నేనే ఎందుకండీ?” నిజంగానే తెలుసుకుందామని అడిగాను.

“నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా. పైగా ఏమడిగినా విసుక్కోవు.” అది మెచ్చుకోలే, ఆయన మనసులో కల్మషం లేదు. నా వైపు కుర్చీ జరుపుకున్నాడు. “ఒక పని చెయ్. ఈ ఒక్క కార్డు తీసెయ్. పదసూచిక నీ పేరుతోనే వేయిస్తాను. లోపల ఎక్కడో కాదు, మొదటి పేజీలో. ఇవాళే ప్రెస్సుకు ఫోన్ చేసి చెప్పేస్తాను. ఆ ఉద్యోగం కూడా వచ్చేస్తుంది నీకు.”

అంటే ఇన్నేళ్ళూ ఒక్క ఫోన్ దూరంలోనే ఉందన్నమాట నా పేరు. పదకొండు పుస్తకాలకు కుదరనిది ఒక్క కార్డుకు కుదిరింది.

నిజం చెప్పాలంటే, తీసేశాను. ఎవరి పరువు తీసి నేనేం బావుకుంటాను? నాకు ఉద్యోగం కావాలి. పొద్దున్నే బయటికెళ్ళి, నాకంటూ ఒక బల్ల ఉన్న చోట కూర్చుని, ఇదే పని చేసి, దాన్ని పని అనిపించుకోవాలి. అంతకంటే ఏమీ అక్కర్లేదు. కార్డును పక్కన పెట్టి మధ్యాహ్నం మిగతావన్నీ వరసగా టైపు చేసుకుంటూ పోయాను. ‘శ’ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. శ్రీమతి క, శ్రీమతి ఖ, శ్రీమతి గ, శ్రీమతి ఘ. ఒకదాని కింద ఒకటి నాలుగు పేర్లు, నాలుగు చోట్ల పేజీ నంబర్లు. ఒకరేనని తెలిసి నలుగురుగా రాయడం ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ చేయలేదు. వాళ్ళు ఏం రాసుకున్నా అది వాళ్ళ పేర్ల మీద ఉంటుంది. ఇది నా పేరు మీద ఉంటుంది. జీవితంలో మొదటిసారి నా పేరుతో వచ్చే పదసూచిక తప్పుల పదసూచిక అవుతుంది, అది తప్పని ఈ లోకంలో అందరికంటే బాగా నాకే తెలుస్తుంది. లేచి కార్డు వెతికి తెచ్చుకున్నాను.

మర్నాడు పదింటికి చీర మార్చుకుని కట్ట సంచిలో పెట్టుకుంటుంటే, “వంట అవకుండా ఎక్కడికే?” అన్నారు అత్తగారు. “ప్రెస్సుకు, అత్తయ్యా. ఇవాళ సెలవే కదా, మీ అబ్బాయి చూసుకుంటారు,” అన్నాను. మా ఆయన స్నానంలో ఉన్నాడు. చెప్పి వెళ్దామని తలుపు దాకా వెళ్ళి, చెబితే మళ్ళీ కూర్చోబెట్టి మాట్లాడతాడని వెనక్కి వచ్చేశాను. బస్సులో సీటు దొరికింది. సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే, ఇదీ విరామం అంటే, అనిపించింది.

ప్రెస్సు ఆవిడ గదిలో బల్ల నిండా కాగితాలున్నాయి. మా ఆయన ముందురోజే ఫోన్ చేశాడట. “మీ పేరు వేయమన్నారండీ, నాకెంత సంతోషమో,” అంటూ పదసూచిక తీసి వేలితో వరసలు చూసుకుంటూ వచ్చింది. నా పేరు దగ్గర వేలు ఆగింది. నెమ్మదిగా పైకే చదివింది: “పొయ్యి ముందు అలసట, ముప్ఫై ఒకటి. అత్తగారు చెప్పిన జవాబు, నూట నలభై. పొంగబోయిన పాలు, రెండు వందల ఇరవై ఏడు. విరామం పేరుతో పదసూచిక పని, మూడు వందల ముప్ఫై తొమ్మిది.” తర్వాత ‘శ’ పేజీకి తిప్పింది. అక్కడ నలుగురు శ్రీమతులకూ ఎదురుగా నా పేరు రాసి, ‘చూడండి’ అని ఉంది.

“నాలుగూ మీరేనా?” అంది తలెత్తి.

“నేనేనండీ.”

“ఇది ఇలా వెళ్తే పుస్తకం ఆగిపోతుందండీ. పుస్తకమే లేకపోతే మీ పేరు ఎక్కడ చూపించను? ఉద్యోగం సంగతి నా చేతుల్లో ఉండదు. ఒకసారి ఆలోచించుకోండి.”

“ఆలోచించుకునే వచ్చానండీ,” అన్నాను. “పుస్తకం సంగతి వాళ్ళు చూసుకుంటారు. మీరు పదసూచిక చూడండి. ఒక్క పేజీ నంబరు తప్పున్నా చెప్పండి, ఇక్కడే కూర్చుని దిద్దుతాను.”