రెండో గొంతు

నూట పన్నెండో అంకె దగ్గర నా కూతురు యువరాణి మాట్లాడడం మొదలుపెడుతుంది. టేప్‌రికార్డర్‌లో తిరిగే ఆ అంకెను కాగితం అంచున రాసి, ఒక వాక్యం విని, ఆపి, విన్నది రాసుకునేవాణ్ణి. రోజూ నేను పాఠాలు చెప్పే బడి విడిచాక కోవిల్‌పట్టిలో మా ముందుగదిలో ఇదే పని. కిటికీలోంచి ఎండ నేలమీద మెల్లగా జరిగేది. యువరాణి పోయి అప్పటికి రెండేళ్లు. గదిలో మాత్రం ఆమె నిన్నటి మాటలు చెబుతున్నట్టే ఉండేది.

ఆమె కూతురు దేవిప్రియకు ఆరేళ్లు, నా దగ్గరే పెరుగుతోంది. బిడ్డను తనకు ఇప్పించమని అల్లుడు సతీష్‌కుమార్ విరుదునగర్ కోర్టులో కేసు వేశాడు. నేను మొదట ఒక వకీలు దగ్గరికి వెళ్లాను.

"అల్లుడు తాగుతాడని రాస్తాము సారూ" అన్నాడాయన.

"తాగడు."

"పోనీ, కొట్టినాడని."

"కొట్టలేదు."

"ఇట్ల ఒక్కొక్కటీ కొట్టేస్తా ఉంటే నేనేం రాసేది? అంత నిజం కావాలంటే మీరే వాదించుకోండి."

ఆయన వెటకారంగా అన్నాడు. నేను అలాగే చేశాను.

టీకాల కార్డు, మార్కుల కార్డులు, జ్వరం వచ్చినప్పటి మందుల చీటీలు తేదీల వరుసలో కుట్టాను. వాటితోపాటు ఈ క్యాసెట్. సతీష్ పూనాలో అచ్చాఫీసులో పనిచేసిన రోజుల్లో యువరాణి అతనికి ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేది. మా ఇంటి తెలుగు మాట్లాడడానికే. తెలుగు రాయడం వాళ్లిద్దరికీ రాదు, చదివింది తమిళంలో. నేను పెద్దయ్యాక పుస్తకం చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఈ క్యాసెట్ పంపేలోపే అతను వచ్చేశాడు. అది ఆమె పెట్టెలో ఉండిపోయింది.

మొదటి వైపు నాకు కావలసిందే ఉంది. "బావా, బిడ్డ మా నాయిన పక్కనే పండుకుంటాది. దాని ఏడుపు నాకంటే ఆయనకే బాగా తెలుసు." ఎడమవైపు తెలుగు, కుడివైపు తమిళం రాశాను.

కోర్టు ఎదుట టైపు చేసే పుష్పం మా భాష మనిషే. నా కాగితాలు చూసి నవ్వింది. "ఏంది సారూ, పరీచ్చకి నోట్సు రాసినట్టుండారే! దగ్గితే దగ్గిందని, నవ్వితే నవ్విందని రాయాల. యెనకాల ఇంకెవురన్నా పలికితే రెండో గొంతు అని వెయ్యాల. రెండు పక్కలూ పూరా రాయాల. లేదంటే క్యాసెట్టే వొద్దు, కార్డులు సాలు."

ఆ సాయంత్రం రెండో వైపు వేశాను. వాన చప్పుడు వినిపించింది. ఎక్కడో గిన్నె పడింది. ఏడాది బిడ్డ కేరింత. ఆ వానలో మా గది గోడలు కూడా తడిసి, కాస్త దూరం జరిగినట్టనిపించింది.

"బావా, నువ్వు తొందరగా వొచ్చెయ్. నాయిన మంచోరు, ఆయన్ని నేనేమీ అనను. కానీ ఈ ఇంట్లో గెట్టిగా నవ్వితే క్లాసులో నవ్వినట్టుంటాది. నేను అట్లే పెరిగినాను. నా బిడ్డ అట్ల పెరగకూడదు. నువ్వుంటే ఇల్లు సత్తంగా, సందడిగా ఉంటాది..."

అక్కడ పక్కగదిలోంచి ఇంకో గొంతు. "యువరాణీ, మెల్లగా."

"సరే నాయినా." తరువాత గుసగుసగా, "వింటివా?" అని ఆమె నవ్వింది.

ఆ రోజు నాకు గుర్తులేదు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. ప్రతిసారీ ఆమె హుషారుగా మొదలుపెట్టింది. ప్రతిసారీ ఆ మనిషి ఆపాడు.

క్యాసెట్ ఇవ్వకపోతే ఎవరికీ తెలియదు. కార్డులు చాలు, బిడ్డ నా దగ్గరే ఉండవచ్చు. నాలుగు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. అయిదోనాడు వీధిలో దేవిప్రియ అరుపులు వినిపించాయి. స్నేహితురాలితో ఏదో పందెం, గెలిచినట్టుంది. పరుగెత్తుకుంటూ వచ్చి గడప దాటింది. దాటగానే అడుగులు నెమ్మదించాయి, గొంతు తగ్గింది. "తాతా, వొచ్చేసినాను" అంది మెల్లగా.

'మెల్లగా' అని నేను అనలేదు. అనవలసిన అవసరం ఎప్పుడో తీరిపోయింది.

మిగతాది రాశాను. రెండో గొంతు: యువరాణి తండ్రి.

వాయిదా రోజు దేవిప్రియ పుష్పం దగ్గర కూర్చుని టైపు మీటలు నొక్కుతోంది. వరండా బల్లమీద సతీష్ తన ప్రతిలో తమిళం వైపు వేలు పెట్టి చదివాడు. చివరికొచ్చేసరికి వేలు కదలలేదు.

"మామా, ఇది నాకు రానే లేదే."

"పంపలేదప్పా. నువ్వే వొచ్చేసినావు."

అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను కాగితాలు సర్దుకున్నాను.

లోపల జడ్జిగారు తమిళంలో అడిగారు. "ఈ రెండో గొంతు ఎవరిది?"

"నాదేనండి."

"ఇది మీకే వ్యతిరేకంగా ఉంది. ఎందుకు దాఖలు చేశారు?"

"ఆమె వచ్చి చెప్పే వీలు లేదు కదండి."

ఆయన కాగితం కింద పెట్టారు. "ఇప్పుడు మీరేం కోరుతున్నారు?"

రాసుకొచ్చిన పేజీ చేతిలోనే ఉంది. చదవలేదు. "బడి సెలవులయ్యాక తండ్రి దగ్గరికి వెళ్లనివ్వండి. నెలకు రెండు శనివారాలు నాకు ఇప్పించండి" అన్నాను. సతీష్ సరేనని తల ఊపాడు.

క్యాసెట్‌కు చీటీ అంటించి ఫైల్లో ఉంచుకున్నారు. కేసు మూసేదాకా ఇవ్వరట. సంతకం పెట్టాను.

తిరుగు బస్సులో దేవిప్రియ కిటికీ పక్కన కూర్చుంది. బయట నల్లరేగడి మీద ఎండ నీళ్లలా కదులుతోంది.

"తాతా, లోపల ఏమి అడిగినారు?"

"మీ అమ్మ ఏమి చెప్పిందని అడిగినారు."

"ఏమి చెప్పింది?"

నేను చెప్పసాగాను. ఆమె మాటల్లోనే, ఆమె ఆపిన చోట ఆపుతూ, మొదటి వైపు నుంచి. ఇంజను హోరులో వినపడాలంటే గట్టిగా చెప్పాల్సివచ్చింది. ముందు సీటువాళ్లు తిరిగి చూశారు. సాత్తూరు దాటినా ఇంకా చెబుతూనే ఉన్నాను.