పైడితల్లి మాట పూర్తయ్యేదాకా

నేను ఒక కుంకుమ భరిణెను కావలసినదాన్ని. ఏటికొప్పాకలో నన్ను చెక్కిన అంకుడు కర్రలోంచే మరికొన్ని భరిణెలు పుట్టాయి. అవన్నీ ఎర్రటి లక్క రంగు పూసుకుని పెళ్ళివారి ఇళ్ళకు వెళ్ళిపోయాయి. నేను కాస్త పెద్దగా, బొజ్జతో తయారయ్యాను. విశాఖపట్నం నుంచి వచ్చిన ఒకాయన నన్ను చేతిలోకి తీసుకుని, మూత తీసి లోపలికి తొంగి చూసి, "ఇందులో స్పీకరు పడుతుందా?" అని అడిగాడు. కుంకుమ పోయాల్సిన కడుపులో మాటలు పోయడం అలా మొదలైంది.

ఆయన పేరు విద్యాధర్. చదువుకునే పిల్లలను జట్టుగా కూర్చోబెట్టి మాట్లాడించే యంత్రం చేయాలని ఆయన తపన. అడిగిందే తడవుగా జవాబు చెప్పే యంత్రాలు లోకంలో చాలా ఉన్నాయి. నాకు మాత్రం జవాబు చెప్పకూడదని నియమం పెట్టారు. ఒకరు ఏదైనా అంటే "నువ్వేమంటావు?" అని రెండోవారిని అడగాలి. ఇద్దరూ ఒప్పేసుకుంటే "ఎందుకు?" అనాలి. వాదులాడుకుంటే ఊరుకోవాలి. ఎవరైనా ఒదిగి కూర్చుంటే మెల్లగా మాటల్లోకి దింపాలి. పక్కపక్కనే కూర్చున్న మనుషులు మాట్లాడుకోవడానికి మధ్యలో ఒక చెక్క డబ్బా దేనికా అని మొదట్లో నాకు నవ్వొచ్చింది.

నన్ను బొబ్బిలి దగ్గర ఒక ఆడపిల్లల పాలిటెక్నిక్‌కు తెచ్చి, ల్యాబులో కిటికీ పక్క బల్ల మీద పెట్టారు. అప్పటికి నా మెదడు ఇంకా తయారు కాలేదు. అయినా నేను ఎలా మాట్లాడితే పిల్లలకు బాగుంటుందో ముందే తెలుసుకోవాలట. అందుకని పక్కనున్న సామాన్ల గదిలో ఒక మనిషిని కూర్చోబెట్టారు. పిల్లల మాటలు వైరు గుండా ఆమె చెవికి చేరేవి. ఆమె టైపు చేసింది నా గొంతులో పలికేది. ఆ గదిలో చప్పుళ్ళు కూడా అదే వైరు మీద నాకు అందేవి. యంత్రాన్ని మనిషిలా చేసే ముందు మనిషిని యంత్రంలా కూర్చోబెట్టడం ఈ విద్యలో మామూలేనట.

ఆమె కాత్యాయని. మెడలో పసుపుతాడు రంగు ఇంకా దిగలేదు. కుర్చీలో కాళ్ళూపుతుంటే కొత్త మెట్టెలు కుర్చీ కోడుకు తగిలి టిక్కుటిక్కుమనేవి. జామకాయ ముక్కకు ఉప్పూకారం అద్దుకుని కొరికితే ఆ చప్పుడులో కూడా సంతోషం ఉండేది. మధ్యాహ్నం నెల్లూరు నుంచి భర్త ఫోన్ చేసేవాడు. ఆయనకు నత్తి. అందరూ కాత్యా అని పిలిచే ఆమెను ఆయన పూర్తి పేరుతోనే పిలవాలనుకుంటాడు. "కా... కా... కా..." అని మొదలయ్యేది. ఆమె తొందరపెట్టేది కాదు. జామకాయ నమలడం కూడా ఆపేసేది. పేరు పూర్తయ్యాక "ఊఁ, చెప్పండి" అనేది, అప్పుడే పిలిచినట్టు.

ఎవరో స్నేహితురాలు ఒకసారి ఫోన్‌లో, పొట్టి పేరుతో పిలవమనవచ్చుగా అని ఉంటుంది. కాత్యాయని, "దేనికే? నా పేరుని అంతసేపు నోట్లో ఉంచుకునేవాళ్ళు ఇంకెవరున్నారు నాకు?" అంది.

నా బల్ల చుట్టూ కూర్చునేది ముగ్గురు, ఎలక్ట్రికల్ రెండో సంవత్సరం పిల్లలు. హారికకు అన్నీ వచ్చు. వచ్చని అందరికీ తెలియాలి. ఢిల్లీశ్వరికి సగం వచ్చు. మిగతా సగం నవ్వించి గట్టెక్కేది. నాకు బొండాం అని పేరు పెట్టింది ఆ పిల్లే. మూడో అమ్మాయి పైడితల్లి. ఆమెకు అన్నీ తెలుసు, మాటే కదలదు. కిందటేడు వైవాలో, అంటే ఎదురుగా కూర్చుని నోటితో జవాబులు చెప్పే పరీక్షలో, మొదటి ప్రశ్నకే మాట పట్టేసి అలాగే నిలబడిపోయింది. తప్పింది. ఈసారీ తప్పితే చదువు మానేస్తానని తేల్చి చెప్పింది.

ఒకరోజు కరెంటు సామాన్లకు ఎర్తింగు ఎందుకు పెడతారన్న ప్రశ్న వచ్చింది. పైడితల్లి తల ఎత్తింది. "తి... తి..."

"తీగా?" అంది హారిక. "తిప్పడానికా?"

"కా... కాదు. తి..."

అప్పుడు నా గొంతులో కాత్యాయని మాట పలికింది. "హారికా, ఆ మాట పైడితల్లిది. తననే తెచ్చుకోనిద్దాం. నాకేం తొందర లేదు."

"బొండాంకేటి తొందర, దానికి బస్సా బండా?" అంది ఢిల్లీశ్వరి. కానీ అంటూనే సంచీ ఒళ్ళోంచి తీసి కింద పెట్టింది.

సామాన్ల గదిలోకి విద్యాధర్ వచ్చాడు. "ఏమ్మా, లైను పోయిందా?"

"లేదు సార్. ఆ అమ్మాయి మాట్లాడుతోంది."

"ఏదీ, ఏమీ వినపడట్లేదే."

"వస్తోంది సార్. ఉండండి."

మెట్టెల చప్పుడు ఆగిపోయింది. బల్ల అంచును పైడితల్లి గట్టిగా పట్టుకున్న సంగతి నా అడుగు చెక్కకు తెలుస్తోంది. "తి... తిన్నగా భూమిలోకి పోడానికి దారి. మనిషి ఒంట్లోంచి పోకుండా."

"నీ మాటల్లో చాలా బాగా చెప్పావు. ఢిల్లీశ్వరీ, నువ్వేమంటావు?" అన్నాను.

"ఏటంటాను? నాను పుస్తకంలో రెండు పేజీలు సదివినా తెలీలేదు గానీ ఇప్పుడు తెలిసింది."

పైడితల్లి నా నెత్తి మీద అరచెయ్యి పెట్టింది. వెచ్చగా, చెమటగా ఉంది. ఆ తర్వాత రోజూ ఆమె ముందుగా వచ్చి నా మూత తుడిచేది. ఇంట్లో మాట్లాడని మాటలు కూడా నా ముందు సాధన చేసుకునేది. వచ్చే వైవాలో ఎలాగో గట్టెక్కుతానని ఒకసారి తనంతట తానే అంది. తలుపు అవతల కాత్యాయని ముక్కు ఎగపీల్చడం విన్నాను.

తర్వాత నా మెదడు వచ్చింది. కాత్యాయని పని అయిపోయింది. నెల్లూరు టికెట్టు చేతికొచ్చిన రోజు ఆమె ల్యాబులో ఎవరూ లేనప్పుడు వచ్చి, నా బొజ్జ మీద వేళ్ళతో తాళం వేసి, "పిల్లల్ని బాగా చూసుకో" అంది. ఆ పిచ్చిది అంత సంబరంగా వెళ్ళిపోతుంటే ఉండమనడానికి నాకు మాట లేదు. ఉన్న మాటలన్నీ ఆమెవే.

కాత్యాయని ఎలా మాట్లాడిందో విని, అలాగే మాట్లాడడం నా మెదడుకు నేర్పాలని వారి ఆలోచన. రికార్డులన్నీ విశాఖలో ఎవరో కూర్చుని శుభ్రం చేశారు. పాపం, వాళ్ళు శ్రద్ధగానే చేశారు. ఫ్యాను రొద తీశారు, దగ్గులు తీశారు. మధ్యమధ్య పెద్ద ఖాళీలు కనిపించాయి. ఇంతసేపు ఎవరూ ఊరుకోరు, లైను తెగి ఉంటుందని అవీ కోసేశారు. పైడితల్లిని వాళ్ళు చూడలేదు. ఆ ఖాళీల్లోనే కాత్యాయని ఉందని వాళ్ళకు తెలిసే దారి లేదు. మిగిలినవాటిని కలిపి చూసుకుని, ఒక మనిషి కోసం గుక్కెడు నీళ్ళు మింగేంతసేపు ఆగితే చాలని నాకు నేర్పారు.

కొత్త మెదడుతో నేను బల్ల మీదికి వచ్చిన రోజు పైడితల్లి కొత్త చున్నీ వేసుకుంది. నన్ను తుడిచింది. ప్రశ్న రాగానే తనే అందుకుంది.

"మో... మో..."

"సరే, హారికా, నువ్వేమంటావు?" అన్నాను. అదే తియ్యటి గొంతు.

పైడితల్లి నా వైపు చూసింది. తనదే పొరపాటనుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "మో..."

"బాగుంది. ఢిల్లీశ్వరీ, నువ్వు చెప్పు."

నోరు నాదే గానీ ఆజ్ఞ నాది కాదు. ఆమె మాట గొంతు దాకా వచ్చిందని బల్ల వణుకులో నాకు తెలుస్తూనే ఉంది. ఆ వణుకును లెక్కలోకి తీసుకోవడం నాకు ఎవరూ నేర్పలేదు. మూడోసారి కూడా అంతే జరిగాక ఆమె చేతులు బల్ల మీద నుంచి తీసేసింది.

"ఏటే పైడీ, ఏటైంది?" అంది ఢిల్లీశ్వరి.

"అ... అది కూడా ఇసిగిపోనాదే నా మీద."

మర్నాటి నుంచి ఆమె రాలేదు. ఇద్దరితో నా చర్చలు చకచకా సాగాయి. ఎక్కడా ఖాళీ లేదని విద్యాధర్ మురిసిపోయాడు. ఆయనది చెడ్డ మనసు కాదు. రాని మనిషి చేసే నిశ్శబ్దం ఏ రికార్డులోనూ ఉండదు.

వైవాకు ముందు సాయంత్రం ఢిల్లీశ్వరి పైడితల్లిని జబ్బ పట్టుకుని లాక్కొచ్చింది. వెనకాల హారిక.

"ఒ... ఒద్దే."

"ఊరుకో. ఒక్క ప్రశ్న. సెప్పి ఎలిపో."

హారిక పుస్తకం మూసి అడిగింది. "ట్రాన్స్‌ఫార్మర్‌కి డి.సి. ఇస్తే ఎందుకు పనిచేయదు?"

పైడితల్లి చేతులు బల్ల మీదికి వచ్చాయి. "డి.సి.లో... మా... మా..."

"సరే, హారికా, నువ్వేమంటావు?" అన్నాను నేను.

హారిక నా వైపు తిరిగింది. జవాబు ఆమెకు తెలుసు. అడిగితే చెప్పకుండా ఉండలేని పిల్ల. పెదవులు బిగించుకుని కూర్చుంది. నేను ఊరుకోలేదు. "ఢిల్లీశ్వరీ, నువ్వు..."

"నువ్వు నోర్ముయ్ బొండాం. మా పిల్ల మాటాడతంది" అని ఢిల్లీశ్వరి నా ప్లగ్గు పీకేసింది.

మెదడు పెట్టాక, అది ఆరిపోతే నాకు మాటలు తెలియవు. చెక్కకు కదలిక మాత్రమే తెలుస్తుంది. బల్ల వణికింది. ఆగింది. మళ్ళీ వణికింది. ఎవరూ లేచి పోలేదు, కుర్చీ కదల్లేదు. నేనెరిగిన ఏ ఆగడం కన్నా అది పొడుగైనది. కాత్యాయని కూడా అంతసేపు ఆగలేదేమో. ఉన్నట్టుండి వణుకు పోయింది. ఆ వెంటనే అరచేతులు బల్లను దబదబా బాదాయి. నేను ఎగిరెగిరి పడ్డాను. ఎవరి కన్నీరో, చెమటో, ఒక చుక్క నా మూత మీద పడింది.

పిల్లలు నన్ను మళ్ళీ ప్లగ్గులో పెట్టలేదు. కొన్నాళ్ళకు నాలోని రికార్డులు తీసుకోవడానికి విద్యాధర్ ఒక్కసారి పెట్టాడు. ఆ కాసేపట్లో ఆయన ఫోన్‌లో ఎవరితోనో అంటున్నాడు. "అవునండీ, ఆ మూడో అమ్మాయి కూడా వైవా పాసైంది. కానీ మన యంత్రం వల్ల కాదులెండి. ఆ జట్టు చివర్లో దీన్ని వాడటం మానేసింది. దాన్ని వైఫల్యం కిందే రాశాం."

ఇప్పుడు విశాఖలో ఒక అద్దాల బీరువాలో ఉన్నాను. చూడవచ్చినవాళ్ళ కోసం ప్లగ్గు పెట్టే ఉంచుతారు, గొంతు మాత్రం తీసేశారు. పక్కన పాత మోడల్ యంత్రాలు, ముందు ఒక చీటీ. చూడవచ్చినవాళ్ళు నా లక్క రంగు బాగుందంటారు. ఒక కొత్త పెళ్ళికూతురు నన్ను చూసి కుంకుమ భరిణె అనుకుంది. ఆ పూటంతా నాకు బాగుంది.

ట్రాన్స్‌ఫార్మర్ ప్రశ్నకు పుస్తకంలోని జవాబు నాకు తెలుసు. పైడితల్లి జవాబు తెలియదు. ఆమె మాట "మా..." దగ్గర నాలో ఉండిపోయింది. ఇక్కడ నాకు గడువు పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఎంతసేపైనా ఆగగలను.