అరవై మూడు మంది

పక్షవాతం మా నాన్న కుడిచేతిని, కుడికాలిని, హిందీని ఒక్కరోజులో పట్టుకుపోయింది. డాక్టరు మొదటి రెండింటికే మందులు రాశాడు. మూడోదాని సంగతి అడిగితే, మీ భాష మీకు మిగిలింది కదా, ఇంకేం కావాలి అన్నట్టు చూశాడు.

ఆ మిగిలిన భాషే మాకు రాదు. మా ఇంటి ఖర్మ అది.

నాన్న పేరు భీమారావు. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి అవతల ఏదో పల్లె. రైల్వేలో చేరి రాయపూర్ వచ్చి, గూడ్సుబండి డ్రైవరుగా రిటైరయ్యాడు. అమ్మ కోటమ్మది గుంటూరు వైపు. పెళ్లయిన కొత్తలో నాన్న నోరు తెరిస్తే అమ్మ పడీపడీ నవ్వేదట. "అవేం మాటలండీ, పశువుల కాపరిలాగా" అనేదట. నాన్నకు పౌరుషం ఎక్కువ. తన మాటలు మూటగట్టి అటకెక్కించి, ఇంట్లో అమ్మ తెలుగు, బండి మీద హిందీ పట్టుకున్నాడు. నలభై ఏళ్లు అలాగే గడిపేశాడు. నేనూ, తమ్ముడు మహేంద్రా రాయపూర్‌లోని గుఢియారీ సందుల్లో సగం హిందీ, సగం అమ్మ తెలుగు మాట్లాడుతూ పెరిగాం. ఆయన సొంత మాట ఒక్కటి కూడా మా చెవిన పడలేదు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు అమ్మే క్యాలెండర్ ముందు కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించింది. నాన్న ఏమీ నేర్పలేదు. మేమూ అడగలేదు.

అమ్మ పోయింది. తర్వాత ఈ జబ్బు వచ్చింది. జబ్బు వచ్చాక హిందీతోపాటు అమ్మ తెలుగునూ మరిచిపోయి, అటక మీది మూట విప్పుకున్నట్టు, నాన్న ఆ మాటలన్నీ మాట్లాడటం మొదలుపెట్టాడు. అదీ మూతి ఒక పక్కకు లాగేసి, ముద్దముద్దగా. నాకు పదింటికి రెండు అర్థమయ్యేవి.

ఆరు నెలలకు కాలు ఈడ్చుకుంటూ నడవగలిగాడు. అందరూ సంబరపడ్డారు. నేనూ పడ్డాను. మా ఇంటి వెనక రెండు సందులు దాటితే రైలుపట్టాలు. రెండుసార్లు అక్కడిదాకా వెళ్లిపోయాడు. రెండోసారి ఒక కూరగాయలాయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, నన్ను నాలుగు చీవాట్లు పెట్టాడు. మా ఆయన రఘు కూడా ఇంజన్ మీద ఉద్యోగమే, వారంలో నాలుగు రోజులు ఇంట ఉండడు. నేను సిల్తరాలో ఒక స్టీలు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తాను. ఎనిమిదిన్నరకు బస్సు ఎక్కితే మళ్లీ ఆరింటికే.

అందుకని కట్టడం మొదలుపెట్టాను. అమ్మ పాత వెంకటగిరి చీర, జరీ అంచుది, రెండు మడతలు వేసి ఛాతీ చుట్టూ తిప్పి కుర్చీ వెనక ముడి. మధ్యాహ్నం పనిమనిషి సుకవారో బాయి వచ్చి విప్పి, అన్నం పెట్టి, దొడ్డికి తీసుకెళ్లి, మళ్లీ కట్టి పోయేది. మెత్తటి చీర, ఒత్తుకోదు. ఈ మాట అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా చెప్పేదాన్ని.

రోజూ పొద్దున నేను చెప్పులు వేసుకునే వేళకు నాన్న ఏదో అనేవాడు. రోజూ ఒకటే మాట, ఒకటే వరస. నా వైపే చూస్తూ, బతిమాలుతున్నట్టు. "పలుపు" అని ఒక ముక్క వినబడేది, "గెడ్డ" అని ఇంకో ముక్క. ఊరి పేర్లో, మనుషుల పేర్లో తెలియలేదు. మంచినీళ్లు ఇచ్చాను. ఫ్యాను పెంచాను, తగ్గించాను. అమ్మ ఫోటో ఎదురుగా పెట్టాను. మళ్లీ అదే అని, మొహం తిప్పేసుకునేవాడు. ఆయనకు కావలసింది ఏదో ఉంది, నేను ఇవ్వడం లేదు. దినమంతా ఆఫీసులో ఆ మొహమే కళ్లముందు ఉండేది. ఆయన పోయేలోగా ఆ మాట ఏమిటో తెలుసుకోవాలని పంతం పట్టాను.

ఇదే ఊళ్లో టాటీబంధ్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే, "అరే అక్కా, దిమాగ్ పోయింది ఆయనది. ఏదో బక్వాస్ చేస్తాడు. నువ్వు ఫాల్తూ టెన్షన్ తీస్కోకు" అన్నాడు. నేను తీసుకోకపోతే ఎవరు తీసుకుంటారో చెప్పలేదు. నాన్న పల్లెలో ఆయనవైపు మిగిలినవాళ్లు ఎవరూ లేరు. ఇక్కడి ఆంధ్రా సంఘం వాట్సాప్ గ్రూపులో అడగొచ్చు. అడిగితే సాయంత్రానికి రాయపూర్ మొత్తం మా ఇంటి కథ చెప్పుకుంటుంది.

ఆఫీసులో రజని అని వరంగల్ వాళ్లమ్మాయి ఉంది. ఇంటర్నెట్‌లో జనం చేరి ముచ్చట్లు పెట్టుకునే ఒక చోటు గురించి ఆమె చెప్పింది. "దీనికి మాలిక్ అంటూ ఎవ్వడుండడక్కా. చిన్న చిన్న సర్వర్లు, ఎవళ్లది వాళ్లదే. గానీ ఒకదాంతోని ఒకటి మాట్లాడుకుంటయ్. మన రైల్వేల డివిజన్లు లేవా, గట్ల. మంచిగ నచ్చిన కమ్యూనిటీలు ఎతుక్కొని ఫాలో గావాలె. మనోళ్లెవ్వరు లేరు, ఎవ్వరు సూడరు."

మనోళ్లు ఎవ్వరు లేరన్న మాట నాకు తెగ నచ్చింది. రెండొందల మంది ఉన్న ఒక చిన్న సర్వర్లో పేరు రాయించుకున్నాను.

వెతకడం అంటే అంత సులువేం కాదు అక్కడ. "తెలుగు" అని కొడితే ఒకే ఒక కమ్యూనిటీ వచ్చింది. అందులో చివరి మాట రెండేళ్ల కిందటిది: "ఎవరైనా ఉన్నారా?" జవాబు లేదు. "శ్రీకాకుళం" అని కొడితే సున్నా. ఒళ్లు మండింది. లక్షల మంది ఉన్న జిల్లాకు సున్నా ఏమిటి? రజనిని అడిగితే అప్పుడు చెప్పింది అసలు కిటుకు. మన సర్వర్లో ఎవరో ఒకరు ముందే ఫాలో అయిన కమ్యూనిటీలే మనకు వెతుకులాటలో కనబడతాయట. ఎవరూ ఫాలో కాకపోతే, అది ఎక్కడో నిక్షేపంగా ఉన్నా మనకు లేనట్టే. పూర్తి అడ్రసు తెలిసినవాడు దాన్ని అక్షరం పొల్లుపోకుండా టైపు చేస్తే తప్ప రాదు. అడ్రసు తెలిస్తే వెతకడం దేనికి? ఇంత తెలివిగా ఎవరు కట్టారో గానీ, వాళ్లకు చిన్నప్పుడు తప్పిపోయిన అనుభవం లేదు.

అయినా వదల్లేదు. రోజూ బస్సులో, వెళ్లేటప్పుడు గంట, వచ్చేటప్పుడు గంట. పక్షవాతం రోగుల కుటుంబాలది ఒకటి దొరికింది, అంతా ఇంగ్లీషు, అంతా మందుల పేర్లు. తెలుగు పుస్తకాలది దొరికింది, అక్కడ పుస్తకాల కంటే తిట్లు ఎక్కువ. టమాటా మొక్కలు, పిల్లుల ఫోటోలు, పాత ఇంజన్లు, దొరికినవన్నీ ఫాలో అయ్యాను. ఎవరి ప్రొఫైలు చూసినా వాళ్లు ఇంకేం ఫాలో అవుతున్నారో చూసేదాన్ని. మూడు వారాల తర్వాత పాత ఇంజన్ల దగ్గర ఫోటోలు పెట్టే ఒకాయన ప్రొఫైల్లో, అట్టడుగున, ఒక అడ్రసు కనబడింది. ఉత్తరాంధ్ర మాటల కమ్యూనిటీ. సభ్యులు అరవై మూడు మంది.

చేత్తో కాగితం మీద రాసుకుని మరీ టైపు చేశాను. తెరుచుకుంది. లోపల ఖాళీ. పాత ముచ్చట్లేవీ రాలేదు. మనం చేరినరోజు నుంచి మాట్లాడుకున్నదే మన సర్వరుకు వస్తుందట, అంతకుముందుది రాదు. సరే, నాన్న విషయంలోనూ మాకు అంతేగా అనుకున్నాను.

మర్నాడు పొద్దున నాన్న ఆ మాట అంటున్నప్పుడు ఫోన్లో నలభై సెకన్లు వీడియో తీశాను. మొహం మాత్రమే వచ్చేట్టు పట్టుకున్నాను. బస్సెక్కి, కింద ఇలా రాసి పెట్టాను: "మా నాన్న రోజూ ఇదే అంటారు. మాది రాయపూర్, ఈ మాటలు మాకు రావు. ఏమడుగుతున్నారో దయచేసి చెప్పండి. అడిగింది తెచ్చి ఇస్తాను."

మధ్యాహ్నం దాకా ఉలుకూ పలుకూ లేదు. భోజనాల వేళకు పైడమ్మ అనే ఒకావిడ రాసింది: "మా తాత గొంతు ఇన్నట్టే ఉందమ్మా. తాత సల్లగుండాల." అంతే, క్యాంటీన్లో అందరి ముందూ ఏడ్చేశాను. సంతోషంతోనే. ఇన్నాళ్లకు మా నాన్నను అర్థం చేసుకునే మనుషులు దొరికారు. రజనికి ఆరోజు స్వీటు కూడా కొనిపెట్టాను.

సాయంత్రం బస్సులో ఉండగా మల్లేశ్వరరావు గారని, రిటైరైన మాస్టారట, ఆయన రాశారు.

"అమ్మా, మూడుసార్లు విన్నాను. మీ నాన్నగారు చిన్నతనంలో ఎవరో బుగతల ఇంట కంబారిగా ఉండి ఉంటారు. అంటే ఆసాముల ఇంట్లో పశువులు కాసే పిల్లడన్నమాట. వారు అంటున్నది ఇది: 'పలుపు ఇప్పీయండి బాబూ. ఎవుల సేలోనా పడను. గెడ్డ దాటను. ఈ రాట కాడే ఉంటాను.' పలుపంటే పశువును రాటకు కట్టే తాడు, గెడ్డంటే వాగు. తనను పశువు అనుకుంటున్నారో, ఆ రోజుల్లో తననే అలా కట్టేసేవారో నాకు తెలియదు. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు వారిని ఎక్కడైనా కడుతున్నారా?"

బస్సు గతుకుల్లో పోతోంది. నేను "లేదు" అని రాశాను. అబద్ధానికి రెండక్షరాలు చాలు.

పది నిమిషాలు కాలేదు. ఇంకెవరో నా వీడియోలోంచే ఒక బొమ్మ తీసి, కింద మూలన ఎర్ర గీతతో సున్నా చుట్టి పెట్టారు. జరీ అంచు. అమ్మ చీర. "మరి ఇదేంటి మేడమ్?"

ఆ తర్వాత ఆ అరవై మూడు మందిలో అంతవరకూ నోరు మెదపనివాళ్లంతా మెదిపారు. కూతురివేనా అన్నారు. పోలీసులకు చెప్పాలన్నారు. ఒకడు దాన్ని పట్టుకెళ్లి నాలుగువేల మంది ఉన్న ఇంకో కమ్యూనిటీలో "కన్నతండ్రిని కుర్చీకి కట్టేసిన కూతురు" అని పేరుపెట్టి వేశాడు. పట్టాల సంగతి రాద్దామనుకున్నాను. రేపు ఎనిమిదిన్నర నుంచి ఆరింటిదాకా మీలో ఎవరొచ్చి కూర్చుంటారో చేతులెత్తండి అని రాద్దామనుకున్నాను. రాసి, చెరిపేశాను. మల్లేశ్వరరావు గారు మాత్రం మళ్లీ ఏమీ అనలేదు. అందరికంటే అదే ఎక్కువ బాధపెట్టింది.

వీడియో తీసేశాను. మా సర్వరు నడిపే శివాజీ అనే ఆయనకు అన్నిచోట్లా తీసేయమని రాశాను. ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు. "మన దగ్గర తీసేశాం. మిగతా సర్వర్లకు కబురు వెళ్తుంది, వినేవి వింటాయి. రెండు సర్వర్లు మనతో సంబంధం తెంచుకున్నాయి. వాటికి కబురే వెళ్లదు. సారీ." యజమాని లేని చోటని సంబరంగా వెళ్లాను కదా. యజమాని లేనిచోట ఎవరి కాళ్లు పట్టుకోవాలో కూడా తెలియదు.

శుక్రవారానికి అది ఆంధ్రా సంఘం వాట్సాప్ గ్రూపుకు చేరింది. శనివారం మా ఆఫీసుకు సెలవు. ఏడు నెలలుగా గడప తొక్కని మహేంద్ర పొద్దున్నే వచ్చి వాలాడు.

"ఇజ్జత్ మొత్తం తీసేశావ్ కదా అక్కా! మా ససురాల్‌లో మామ, అత్త అందరి ఫోన్లలో కూడా నాన్నే ఉన్నాడు. నన్ను అడుగుతున్నారు, మీ ఇంట్లో ఇట్లా చేస్తారా అని."

"అయితే నాన్నని తీస్కపో. ఒక్క నెల పెట్టుకో."

"మా దగ్గర జాగా ఎక్కడుంది? పైగా నీ మరదలు ఉమారాణి నౌకరీకి పోతుంది."

"మరి నేనెక్కడికి పోతున్నా, మేళాకా?"

వాడు ఫోన్ బయటికి తీశాడు. చాయ్ తాగలేదు. నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు, ఏ కట్టూ లేకుండా. మహేంద్ర పక్కన చేరి, భుజం చుట్టూ చెయ్యి వేసి ఫోటో తీసుకున్నాడు. "నాన్నగారు క్షేమం, పుకార్లు నమ్మవద్దు" అని సంఘం గ్రూపులో పెట్టాడు. నేను చూసేసరికి దండం బొమ్మలు డెబ్బై వచ్చాయి.

ఆదివారం పొద్దున నాన్నను కుర్చీలో కూర్చోబెట్టాను. చీర తెచ్చి, ఆయన చూస్తుండగానే మడిచి బీరువాలో పెట్టేశాను. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. మాస్టారు రాసిన మాటలు వారమంతా మనసులో అనుకుంటూనే ఉన్నాను. "పలుపు ఇప్పీసినాను నాన్నా" అన్నాను.

జబ్బు పడ్డ ఈ రెండేళ్లలో ఎన్నడూ అలా చూడలేదు నన్ను. ఎవరో తలుపు తీసినట్టు చూశాడు.

"నిజమేనేటి?"

"నిజమే నాన్నా."

వీధి తలుపు బార్లా తీసి ఉంచాను. మొండిగా ఉన్నాను, వెళితే వెళ్లనీ, వెనకాలే వెళ్తాను అనుకున్నాను. ఆయన లేవలేదు. ఎడమచెయ్యి కుర్చీ చేతి మీద పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, కదలకుండా కూర్చున్నాడు. అవతల బండ్లు పోతున్నాయి, కూత వినబడినప్పుడు తల అటు తిప్పి మళ్లీ ఇటు తిప్పుకున్నాడు. ఒంటిగంటకు అన్నం కలిపి నోట్లో పెడుతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"నాను ఎల్నేదు. సూసినావా?" అన్నాడు.

చూశాను. కానీ నేను ఎదురుగా ఉన్నాను కాబట్టి ఆగాడు. నేను లేనప్పుడు ఆగుతాడని ఎవరు పూచీ? ఆ సాయంత్రం సుకవారో బాయిని రోజంతా ఉండమని అడిగాను. ఆమెకు ఇంకో నాలుగిళ్లు ఉన్నాయి. రఘుకు ఫోన్ చేస్తే డొంగర్‌గఢ్ దాటానన్నాడు, సిగ్నల్ పోయింది.

సోమవారం ఎనిమిదింపావుకు బీరువా తెరిచి చీర తీశాను. నాన్న చీరను చూశాడు. నన్ను చూశాడు. తిట్టలేదు. చీర చుట్టూ తిప్పడానికి వీలుగా ఎడమచెయ్యి తనే పైకెత్తి పట్టుకున్నాడు. ముడి వేస్తుంటే మళ్లీ ఆ మాట మొదలుపెట్టాడు, ఎవుల సేలోనా పడనని, గెడ్డ దాటనని. ఇప్పుడు ప్రతి ముక్కా తెలుస్తోంది. తెలియనన్నాళ్లూ మంచినీళ్లయినా ఇచ్చేదాన్ని. ఆ రోజు అదీ ఇవ్వలేదు. బస్సుకు టైమైంది నాన్నా అని చెప్పి, ముడి ఒకసారి లాగి చూసుకుని, తలుపు వేసుకుని వెళ్లిపోయాను.