నలభై ఎనిమిదో పేజీ

ప్రెస్సులో రాతలూ ఫొటోలూ అమర్చి పేజీలు కట్టే ఆమెను అందరూ అక్కయ్య అంటారు. మూడు ఎన్నికలుగా అన్ని పార్టీల మేనిఫెస్టోలూ ఆమే కడుతోంది. ఉచిత పథకాలకు పది పేజీలు, రోడ్లకు ఆరు. పొరుగు దేశాలతో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతులకు మాత్రం ఒకే ముక్క: "దేశ గౌరవాన్ని కాపాడతాం." పేరు తీసేస్తే అది ఏ పార్టీ మాటో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఈసారి అక్కయ్య ఆశపడింది. చేపల పడవ మీద పనికెళ్లిన తమ్ముణ్ణి, హద్దు దాటాడని అవతలి దేశంవాళ్లు జైల్లో పెట్టి నాలుగేళ్లయింది. ఆ సముద్రాన్ని పంచుకునే అయిదు దేశాలూ ఒప్పందం మీద సంతకం పెడితే అలాంటివాళ్లంతా ఇళ్లకొస్తారు. తల్లీకూతుళ్లు కాళ్లరిగేలా తిరిగితే, చివరికి ఒక పార్టీకి మేనిఫెస్టో రాసే మాస్టారు కరిగారు. సంతకం పెడతామని పేజీ నిండా రాసిచ్చారు.

పుస్తకం వెనక్కి తిప్పగానే కంటపడాలని ఆమె దాన్ని చిట్టచివర పెట్టింది. ప్రూఫు కాగితం ఒకటి తీసి అమ్మకిచ్చింది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు నాయకుడి కొత్త ఫొటో పట్టుకుని వచ్చారు.

"ఇది నిండు పేజీ వెయ్యాలటమ్మా."

"నలభై ఎనిమిదీ నిండిపోయాయి సార్. షీటుకి పదహారు పేజీలు. ఒక్కటి పెరిగినా ఇంకో షీటు కావాలి."

"అందుకే చివరిది తీసెయ్యమన్నారు." ఆయన తల దించుకున్నారు. "సముద్రం సంగతికి ఓట్లు రాలవట. చెప్పి చూశాను, వినలేదు."

ముందు తెగేది చివరి పేజీయేనని ఆమెకు తెలియనిది కాదు. ఎందరివో చివరి పేజీలు తన చేత్తోనే తీసేసింది. తన ఇంటి సంగతి వచ్చేసరికి మరిచిపోయింది. రోడ్లకూ కరెంటుకూ నడుమ ఇరికించి ఉంటే ఎవరి కంటా పడకుండా బతికిపోయేది. తన మీద తనకే ఒళ్లు మండింది. పేజీ తీసేసి ఫొటో పెట్టింది. నాయకుడు పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అమ్మ ప్రూఫు కాగితం మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదువుతోంది.

"ఇవి ఎన్ని వేస్తారే?"

అక్కయ్య అటు తిరిగి చెప్పులు విప్పింది. "రెండు లక్షలమ్మా" అంది.

"అంతమంది మనవాడి గురించి చదువుతారన్నమాట." అమ్మ కాగితాన్ని కొడుకు చొక్కాల మడతల్లో పెట్టింది. "ఇది మాత్రం నలగనివ్వను. వాడొచ్చాక చూపిద్దాం."

అక్కయ్య సరేనంది. లోకం మొత్తానికి ఆ పేజీ మిగిలింది అదొక్కటే.