పదకొండూ పది కాగితం

పద్దెనిమిదేళ్ల కారు ఎడమ పక్కకు లాగేయడం మొదలుపెట్టేసరికి ఆవిడకు ప్రాణం మీదికొచ్చింది. ఆవిడ ఫిజియోథెరపిస్టు. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి, కాళ్లూ చేతులూ ఆడించి, లేపి నడిపిస్తుంది. రోజుకు ఆరిళ్లు. వారంరోజులుగా స్టీరింగును కుడికి బిగబట్టీ బిగబట్టీ, రోగుల భుజాల మాట దేవుడెరుగు, ఆవిడ భుజమే పట్టేసింది.

ఆ రోజు మధ్యాహ్నం కావస్తుండగా చక్రాల అలైన్‌మెంట్ చేయించడానికి బయలుదేరుతుంటే మరిది వెంటపడ్డాడు.

"నేనూ వస్తా వదినా. ఆడమనిషివి, ఒక్కదానివే వెళితే చెవిలో పువ్వు పెడతారు."

మరిదికి డ్రైవింగు రాదు. కారుకు సంబంధించి అతనికి తెలిసిన విద్యల్లా వెనక సీట్లో గురకపెట్టడం.

షాపుకు చేరేసరికి సరిగ్గా పన్నెండయింది. యజమాని ఆవిడను దాటుకుని తిన్నగా మరిది దగ్గరికి వచ్చాడు.

"చెప్పండి సార్, ఏంటి ప్రాబ్లం?"

"ఎడమకి లాగుతోంది," అంది ఆవిడ.

"ఎన్ని కిలోమీటర్లు తిరిగింది సార్?"

మరిది దిక్కులు చూశాడు. "రెండు లక్షల పదివేలు," అంది ఆవిడే.

"బాగా తిరిగింది సార్," అన్నాడు యజమాని మరిదితో.

ఆవిడకు ఒళ్లు మండింది. అయినా తమాయించుకుంది. కారును ర్యాంపెక్కించి చక్రాలకు సెన్సర్లు తగిలించారు. పావుగంట తిరక్కుండానే యజమాని ఒక కాగితం తెచ్చి మరిది చేతిలో పెట్టాడు. అన్నీ ఆకుపచ్చ అంకెలే, అంటే అంతా సరిగ్గా ఉన్నట్టు.

"ఇక బాణంలా పోతుంది సార్."

పోలేదు. షాపు దాటి, తిన్నగా ఉన్న రోడ్డు మీద స్టీరింగు కాస్త వదులు చేయగానే కారు ఎప్పటిలాగే ఎడమకు జరిగింది. ఆవిడ కారు పక్కకు ఆపి కాగితం లాక్కుని చదివింది. పైన ఉన్నది ఎవరిదో వేరే కారు పేరు. దాని పక్కనే టైము: పదకొండూ పది.

"మనం వచ్చిందెప్పుడు?"

"పోనీలే వదినా. పాత బండి, ఏదో సర్దుకుపోవాలి."

"రేపు ఏ లారీ కిందకో లాగితే నువ్వొచ్చి సర్దుతావా?"

ఆవిడ కారు తిప్పి తీసుకెళ్లి ర్యాంపుకు అడ్డంగా ఆపింది. తాళంచెవి బ్యాగులో వేసుకుని, కాగితం యజమాని ముక్కుకు తగిలేంత దగ్గరగా పట్టుకుంది.

"ఇది ఎవరి కారు?"

"మెషిన్‌లో పేరు తప్పు పడుంటుంది మేడమ్. బండికి వయసైపోయింది. ఎంత చేసినా అంతే."

"వయసైపోయిన మనుషులనే నిలబెట్టి నడిపిస్తున్నాను నేను. వయసు మీదకు తొయ్యకండి. అసలు ఏదైనా తిప్పారా, తిప్పలేదా?"

ర్యాంపు కింది గోతిలోంచి మెకానిక్ పైకి వచ్చాడు. తల నెరిసిన మనిషి. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, యజమాని కళ్లురిమినా ఆగకుండా చెప్పేశాడు.

"తిప్పలేదమ్మా. ముందు చక్రాన్ని సరిచేసే రాడ్డు ఉంటుంది, దాని నట్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. గంట పడుతుందన్నాను. ముందు కాగితం తీసి ఇచ్చేయమన్నారు."

పక్కన బెంచీ మీద కూర్చున్న ట్యాక్సీ డ్రైవరు గబుక్కున లేచాడు. పదకొండున్నరకు చేయించుకుని వెళ్లి, ఇంకా లాగుతుంటే తిరిగొచ్చినవాడు. జేబులోంచి మడతలు విప్పి తన కాగితం చూశాడు. అదే కారు పేరు. అవే అంకెలు. పదకొండూ పది.

"టైర్లు మార్చమని నాకు చెప్పాడండీ వీడు!"

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. కారును మళ్లీ ర్యాంపెక్కించి, గోతిలోకి దిగి టార్చి పట్టుకుని నిలబడింది. మెకానిక్ నట్టుకు నూనె కొట్టాడు, మంటతో వేడిచేశాడు, పళ్లు బిగించి తిప్పాడు. అది కీచుమంటూ కదిలింది. ఈసారి మెషిన్ తెర మీద ఎర్ర అంకెలు ఒక్కొక్కటే ఆకుపచ్చగా మారడం ఆవిడ కళ్లారా చూసింది.

"ఎక్కండి," అంది యజమానితో. అతను పక్క సీట్లో ఎక్కాడు, మరిది వెనక. తిన్నని రోడ్డు మీద ఆవిడ స్టీరింగు మీంచి రెండు చేతులూ తీసేసింది. యజమాని తలుపు పిడి పట్టుకుని బిగుసుకుపోయాడు. కారు అంగుళం కూడా పక్కకు జరగలేదు.

"సారీ సార్," అన్నాడతను, వెనక్కి తిరిగి.

ఆవిడ బ్రేకు వేసింది.

"బండి నాది. నడిపేది నేను. మోసపోయిందీ నేనే. ఇటు తిరిగి చెప్పండి."

యజమాని మొహం దించుకుని చెప్పాడు. ఆ క్షమాపణతో ఆవిడ కోపం గోరంత కూడా తగ్గలేదు.

"పొద్దుట్నుంచి ఎంతమందికి ఇచ్చారా కాగితం?"



తిరిగి వచ్చేసరికి ట్యాక్సీ ర్యాంపు మీద ఉంది. రెండున్నరకు చూడవలసిన పేషెంటుకు ఫోన్ చేసి గంట ఆలస్యమవుతుందని చెప్పింది. తర్వాత బెంచీ మీద కూర్చుంది.

"మన పని అయిపోయిందిగా వదినా," అని మరిది నసిగాడు.

"నీకు తొందరైతే బస్సెక్కి వెళ్లు," అంది ఆవిడ, ట్యాక్సీ చక్రం మీంచి చూపు తిప్పకుండా.